పర్మిట్ల పోరు.. పదవి వదిలిన నీలం

కర్నూలు బస్సు రూట్లే ముఖ్యమంత్రి కుర్చీకి ఎసరు పెట్టాయి.. ఆ జిల్లా నంద్యాలే మళ్లీ నిలబెట్టింది

ఊళ్లో బస్సు. ఆదోనిలో రైలు. బొంబాయిలో ట్రాము. ఒకప్పుడు పశ్చిమ కర్నూలు పల్లెల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ కామాఠిపుర చేరాలంటే ఈ మూడూ ఎక్కాల్సిందే. రైలు సర్కారుది. ట్రాము మొదట కంపెనీది, తర్వాత మునిసిపాలిటీది. ఊరి బస్సు మాత్రం ఓ ఆసామిది. ఆ ఆసామి బస్సును ఎవరు తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి అన్న తగాదా ఢిల్లీ దాకా వెళ్లింది. సుప్రీంకోర్టు తీర్పుతో ఓ ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. పదమూడేళ్ల తర్వాత అదే మనిషి రాష్ట్రపతి భవన్‌లో అడుగు పెట్టారు. ఆయనే నీలం సంజీవరెడ్డి.

ఇల్లూరు కుర్రాడు

అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913 మే 19న ఆయన పుట్టారు. మద్రాసు అడయారులోని థియోసాఫికల్ హైస్కూల్లో చదివారు. తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చారు. ఆ రాకతో కుర్రాడి మనసు చదువు మీది నుంచి ఉద్యమం మీదికి మళ్లింది. 1931లో కాలేజీ వదిలేశారు. 25 ఏళ్లకే, అంటే 1938లో, ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి అయ్యారు. పదేళ్లు ఆ బాధ్యతలోనే ఉన్నారు.

1940 నుంచి 1945 దాకా ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. 1942 ఆగస్టులో మళ్లీ పట్టుకుని అమరావతి జైల్లో పెట్టారు. ఇది మన అమరావతి కాదు, విదర్భలోది. అక్కడ టంగుటూరి ప్రకాశం, కామరాజ్, వి.వి.గిరి లాంటి వాళ్లు తోటి ఖైదీలు. ఆ గిరి గారే పాతికేళ్లకు పైగా గడిచాక ఎన్నికల్లో ఎదురు నిలుస్తారని అప్పుడు ఎవరు అనుకుంటారు?

1946లో మద్రాసు శాసనసభకు వెళ్లారు. రాజ్యాంగ సభలోనూ సభ్యుడయ్యారు. 1949 నుంచి రెండేళ్లు మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా చేశారు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్.జి.రంగాతో పోటీ పడి గెలిచారు. అయితే 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది బయటివాడు కాదు. సొంత బావ, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఇంట్లోనే రెండు పార్టీలు, రెండు జెండాలు. రాయలసీమ రాజకీయం అంటే అదే మరి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1955లో బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోనూ అదే హోదా. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ పుట్టింది. మొదటి ముఖ్యమంత్రిగా సంజీవరెడ్డి ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన వయసు 43.

ఒకే రాష్ట్రం.. రెండు రకాల బస్సులు

కొత్త రాష్ట్రంలో బస్సు కథ రెండు రకాలుగా ఉండేది. తుంగభద్రకు అటువైపు, నిజాం ఏలుబడిలో, 1932లోనే సర్కారు బస్సు రోడ్డెక్కింది. నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం పెట్టారు. 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలు. పాలమూరు మనిషికి బస్సంటే సర్కారుది అన్న లెక్క అప్పటి నుంచీ ఉంది.

ఇటు కర్నూలు, అనంతపురం, కృష్ణా, గుంటూరు అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఇక్కడ బస్సులన్నీ ప్రైవేటువే. ఒక బస్సు ఉన్న ఓనరు నుంచి పదుల కొద్దీ బస్సులున్న సర్వీసుల దాకా అన్ని రకాలూ ఉండేవి. 1939 మోటారు వాహనాల చట్టం వచ్చాక పర్మిటు లేనిదే బస్సు కదలదు. పర్మిటు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లు. గడువు తీరితే మళ్లీ దరఖాస్తు. అదే రూటుకు ఇంకొకడూ దరఖాస్తు పెడతాడు. ఆర్‌టీఏ ముందు వాదన, కాదంటే అప్పీలు, అదీ కాదంటే హైకోర్టు. బస్సు నడిపేది రోడ్డు మీదే అయినా ఓనరు బతుకంతా ఆఫీసుల చుట్టూ తిరగడమే.

రోడ్డు మీద పోటీ కూడా తక్కువేం కాదు. ముందు వెళ్లే బండి జనాన్ని ఎక్కించుకుంటే వెనక బండికి ఖాళీ సీట్లే మిగిలేవి. అందుకే టైమింగుల కోసం కొట్లాటలు. బస్సు నిండేదాకా స్టాండులోనే నిలబెట్టడం, నిండాక ఉరికించడం. సంత రోజు, జాతర రోజు కలెక్షను బాగుండేది. వానలు పడి వాగు పొంగితే, పంట పోతే, డీజిలు ఖర్చు కూడా రాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపిన కాలం కూడా ఉంది. బండి అప్పు మీద కొన్నదైతే వాయిదా ఆగదు. రెండు వాయిదాలు తప్పాయంటే బండి పోయినట్టే. రూటులో నలుగురు పోటీకి దిగితే ఒకరిద్దరు చితికిపోయేవాళ్లు. వాళ్ల పర్మిటు పెద్ద సర్వీసు చేతికి చేరేది. పెద్ద సర్వీసు ఓనరు అంటే డబ్బే కాదు. ఊరూరా మనుషులు, ఎన్నికల్లో బళ్లు, ఓట్లు. బస్సు పర్మిటుకూ రాజకీయానికీ ముడి పడింది అక్కడే.

బొంబాయి దారి వేరు

కామాఠిపుర తెలుగువాళ్లకు మాత్రం ఈ తలనొప్పి తెలియదు. నిజాం సీమ నుంచి వలస వెళ్లి, రోడ్లు వేసి, మేడలు కట్టిన తెలుగు కూలీల పేరు మీదే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. తర్వాత వర్లీ, లోయర్ పరేల్ మిల్లు చాళ్లలో పద్మశాలీలు స్థిరపడ్డారు. వాళ్లు ఎక్కిన బండ్లన్నీ ఒకే గొడుగు కిందివి.

అక్కడా మొదటి అడుగు తప్పింది. 1865లో ట్రాము వేయడానికి లైసెన్సు ఇచ్చారు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి పత్తి ధర పడిపోయింది. బొంబాయి షేర్ల బజారు కుప్పకూలింది. ట్రాము మాట అటకెక్కింది. చివరకు 1874 మే 9న గుర్రపు ట్రాము కదిలింది. 1905లో కొత్త కంపెనీ దాన్ని కొనేసింది. విద్యుత్ సరఫరా, ట్రాము.. రెండూ ఆ కంపెనీవే. 1907 మే 7న కరెంటు ట్రాము వచ్చింది. 1926 జులై 15న అదే కంపెనీ మోటారు బస్సు కూడా దింపింది. 1947 ఆగస్టు 7న మొత్తాన్ని మునిసిపాలిటీ తీసుకుంది. అదే బెస్ట్.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. బస్సు వచ్చి ట్రామును దెబ్బ తీసింది. కానీ రెండూ ఒకే ఇంటివి. ఓ జేబులో పోయింది ఇంకో జేబులో పడింది. తక్కువైతే కరెంటు రాబడి ఉండనే ఉంది. పైగా తీసుకున్నది ఒక్క కంపెనీని. బేరం ఒక్కరితోనే. మన జిల్లాల్లో అట్లా కాదు. రూటు పోతే ఒక్కో ఓనరు కొంప ఒక్కోటిగా మునుగుతుంది. అందుకే ఇక్కడ ప్రతి రూటూ ఓ యుద్ధమే అయింది.

కృష్ణాలో మొదటి పేచీ

సంజీవరెడ్డి ప్రభుత్వం 1958 జనవరి 11న ఆర్టీసీని ఏర్పాటు చేసింది. తెలంగాణలో ఉన్న సర్కారు బస్సులను ఆంధ్ర జిల్లాలకూ విస్తరించాలన్నది ఆలోచన. లాభమున్న రూట్లలోనే ప్రైవేటు బస్సులు తిరుగుతాయి, మూల ఊళ్లకు ఎవరూ పోరు అన్నది ప్రభుత్వ వాదన. ఆ మాటలో నిజం ఉంది. 1956లో కేంద్రం మోటారు చట్టానికి చేసిన సవరణ అందుకు దారి వేసింది. ఆర్టీసీ పథకం ప్రకటించాలి. ఓనర్లు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. ప్రభుత్వం విని తేల్చాలి.

పరిహారం లెక్క కూడా ఆ చట్టంలోనే ఉంది. రద్దయిన పర్మిటుకు మిగిలిన గడువులో నెలకు 200 రూపాయలు. పది నెలలు మిగిలితే 2 వేలు. ఎంత తగ్గినా 400కు తగ్గదు. అంతే. ఆ లెక్క పర్మిటుకే. బస్సు ఓనరుకే మిగులుతుంది. దాని మీది అప్పూ ఓనరుకే మిగులుతుంది. తిప్పడానికి రూటు మాత్రం ఉండదు. డ్రైవరు, కండక్టరు, క్లీనరు.. వాళ్ల కూడు మాటేమిటన్నది ఇంకో ప్రశ్న.

ముందుగా కృష్ణా జిల్లా వంతు. ఓనర్లు ఊరుకోలేదు. గుల్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు సుప్రీంకోర్టుకెక్కారు. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. విన్నవాడు ఒకడు, తీర్పు చెప్పేవాడు ఇంకొకడు అయితే ఆ వినడానికి అర్థమే లేదని కోర్టు తేల్చింది. 1958 నవంబరులో ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఈ కేసు ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠమే.

సంజీవరెడ్డి వెనక్కి తగ్గలేదు. ఈసారి తానే కూర్చుని ఓనర్ల వాదన విన్నారు. తానే నిర్ణయం ఇచ్చారు. ఆయన ముందే మనసులో నిర్ణయించుకున్నారంటూ ఓనర్లు మళ్లీ సుప్రీంకోర్టుకు పోయారు. 1959 ఆగస్టులో కోర్టు ప్రభుత్వం వైపే మొగ్గింది. కృష్ణా రూట్లు ఆర్టీసీకి దక్కాయి. ఒకటి ఓడి, ఒకటి గెలిచారు. ఆ గెలుపే తర్వాత ధీమా ఇచ్చిందేమో.

ఆ రోజుల్లోనే పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా పంచాయతీరాజ్ మొదలైంది. 1960 జనవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలి జాతీయ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆయన కుర్చీలో కర్నూలు జిల్లా బిడ్డ దామోదరం సంజీవయ్య కూర్చున్నారు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనే.

పశ్చిమ కర్నూలే ఎందుకు?

1962 ఎన్నికల్లో సంజీవరెడ్డి కర్నూలు జిల్లా డోన్ నుంచి గెలిచారు. మార్చి 12న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అసలు కథ అప్పుడు మొదలైంది.

రాయలసీమ, నెల్లూరు జిల్లాల్లో రూట్లు ఏ వరసలో తీసుకోవాలో అంతకుముందే ఓ లెక్క ఉంది. నిపుణుల కమిటీ నివేదిక కూడా ఉంది. ఉన్నట్టుండి ఆ వరస మారింది. పశ్చిమ కర్నూలు రూట్లు ముందుకొచ్చాయి. ఎందుకు మారిందో ఓనర్లకు అంతుబట్టలేదు. కాదు, అంతుబట్టిందనే అన్నారు. ఎన్నికల్లో తనకు ఎదురు నిలిచినవాళ్లను దెబ్బ తీయడానికే ముఖ్యమంత్రి తమ రూట్లను ముందు పట్టించారని వాళ్ల ఆరోపణ. సి.ఎస్.రౌజీ, మరికొందరు ఓనర్లు హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడారు. సుప్రీంకోర్టుకు అప్పీలు పోయారు.

ఢిల్లీలో కథ అడ్డం తిరిగింది. ఆరోపణ నేరుగా ముఖ్యమంత్రి మీద. జవాబు మాత్రం అధికారుల అఫిడవిట్లలో వచ్చింది. ముఖ్యమంత్రి సొంతంగా అఫిడవిట్ వేయలేదు. ఆయన మనసులో ఏముందో అధికారులు ఎట్లా చెప్పగలరు? కోర్టు పట్టుకున్నది ఆ పాయింటునే. వరస మార్చడానికి సరైన కారణమూ కాగితాల్లో కనిపించలేదు. కాదని చెప్పాల్సిన మనిషి చెప్పనప్పుడు ఆరోపణ నిలిచినట్టేనని 1964 జనవరిలో తీర్పు వచ్చింది. పశ్చిమ కర్నూలు పథకాలను కొట్టేశారు.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. బస్సులు జాతీయం చేయడం తప్పని కోర్టు అనలేదు. ఆ అధికారం ప్రభుత్వానికి ఉందని అంతకుముందే తేలింది. తప్పల్లా ఎవరి రూటు ముందు, ఎందుకు ముందు అన్నదాని దగ్గరే వచ్చింది. మంచి పనికైనా వరస ఉండాలి, ఆ వరసకు కారణం కనబడాలి.

ఎవరూ అడక్కుండానే

తీర్పులో జైలు లేదు, జరిమానా లేదు. పదవి పోవాలన్న మాటా లేదు. సభలో మెజారిటీ ఉంది. పట్టుకుని కూర్చుంటే దింపేవారు లేరు. అయినా సంజీవరెడ్డి 1964 ఫిబ్రవరి 20న రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు. కోర్టు వ్యాఖ్యకే ముఖ్యమంత్రి దిగిపోవడం అప్పట్లో పెద్ద సంచలనం. ఆయన మీద ఆరోపణలు చేసినవాళ్లు కూడా ఆ రాజీనామాను తక్కువ చేసి మాట్లాడలేకపోయారంటే అతిశయోక్తి కాదు.

సరిగ్గా నలభై రోజులకు, అదే ఏడాది మార్చి 31న, బొంబాయిలో చివరి ట్రాము బోరీబందర్ నుంచి దాదర్ దాకా నడిచి ఆగిపోయింది. బస్సుతో పోటీకి తట్టుకోలేక, నష్టాలు మోయలేక ట్రాము తప్పుకుంది. అణాల టిక్కెట్టుతో తిరిగిన కామాఠిపుర జనం బస్సుకు మళ్లారు. అక్కడ ఓ బండి పోయింది గానీ ఏ ఓనరూ వీధిన పడలేదు. ఇక్కడ ఓనర్లు కేసు గెలిచారు. అయినా అది వాయిదా మాత్రమే. తర్వాతి ఏళ్లలో ఒక్కో జిల్లా రూట్లు ఆర్టీసీ చేతికి వస్తూనే పోయాయి.

బస్సు వల్ల దిగి.. రవాణా మంత్రిగా

రాజకీయంలో చిత్రాలకు లోటు లేదు. 1964 జూన్‌లో లాల్‌బహదూర్ శాస్త్రి పిలిచి ఉక్కు, గనుల శాఖ ఇచ్చారు. 1966 జనవరిలో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఆయనకు దక్కిన శాఖ ఏమిటో తెలుసా? రవాణా. దాంతోపాటు విమానయానం, నౌకాయానం, పర్యాటకం. బస్సు రూట్ల కేసులో పదవి వదిలిన మనిషి చేతికే దేశం మొత్తం రవాణా వచ్చింది.

1967లో హిందూపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరయ్యారు. స్పీకరు పార్టీలకు అతీతంగా ఉండాలంటూ కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. 1969లో కాంగ్రెస్ ఆయన్ను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టింది. ప్రధాని ఇందిర మాత్రం అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమని ఎంపీలు, ఎమ్మెల్యేలకు పిలుపునిచ్చారు. అమరావతి జైలు సహచరుడు వి.వి.గిరి గెలిచారు. సొంత పార్టీ అభ్యర్థి సొంత పార్టీ చేతిలోనే ఓడారు. సంజీవరెడ్డి ఇల్లూరు వచ్చి సేద్యంలో పడ్డారు. నాగలి పట్టిన ఇంటి బిడ్డకు పొలం కొత్త కాదు.

నంద్యాల ఇచ్చిన జవాబు

దాదాపు ఆరేళ్లు గడిచాయి. 1975 మే 1న హైదరాబాద్‌లో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి సభలో మాట్లాడి మళ్లీ రాజకీయాల్లోకి వచ్చారు. 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో పోటీ చేశారు. అదీ కర్నూలు జిల్లానే. ఉత్తరాదిన కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది గానీ ఆంధ్రప్రదేశ్‌లో గాలి వేరు. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. పదమూడేళ్ల కిందట ఏ జిల్లా రూట్ల మీద ఆయన పదవి పోయిందో, ఆ జిల్లా ఓటర్లే ఆయన్ను ఢిల్లీ పంపారు.

మళ్లీ స్పీకరయ్యారు. నాలుగు నెలలు కాకముందే రాష్ట్రపతి పదవికి పేరు వచ్చింది. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఇప్పటికీ ఆయనొక్కరే. 1977 జులై 25న ప్రమాణం చేశారు. అప్పటికి 64 ఏళ్లు. 2022లో ద్రౌపది ముర్ము వచ్చేదాకా అతి చిన్న వయసు రాష్ట్రపతి కూడా ఆయనే. మొరార్జీ పడిపోవడం, చరణ్‌సింగ్ రావడం, 1979 ఆగస్టులో లోక్‌సభ రద్దు.. అన్నీ ఆయన హయాంలోనే. ఆ రద్దు మీద విమర్శలూ వచ్చాయి. 1982 జులైలో దిగిపోయి అనంతపురం చేరారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

ఇప్పటికీ అదే లెక్క

ఆయన పెట్టిన ఆర్టీసీ రాష్ట్ర విభజనతో రెండుగా చీలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలిశారు. అటు బొంబాయిలో బెస్ట్ నష్టాల్లో పడి 2018 తర్వాత ప్రైవేటు వాళ్ల బస్సులు అద్దెకు తెచ్చుకోవడం పెంచింది. కిలోమీటరుకు ఇంత అని ఒప్పందం. గిట్టడం లేదంటూ 2022లో ఓ సంస్థ వందల బస్సులు ఆపేసి తప్పుకుంది. తర్వాత మరికొన్నీ అదే దారి పట్టాయి. ఒకప్పుడు ఓనరు చితికితే సర్కారు వచ్చింది. ఇప్పుడు సర్కారు బండి చితికితే ఓనరును పిలిచారు. ఆ ఓనరూ చితికిపోయాడు. టిక్కెట్టు ధర జనానికి అందాలి, ఆ ధరలో బండి నడవాలి. ఈ రెండూ కలవనప్పుడు తేడా ఎవరో ఒకరు భరించాలి. అరవై ఏళ్ల కిందటి ప్రశ్న ఇంకా తేలలేదు.

సంజీవరెడ్డి పేరు చెబితే జనం రాష్ట్రపతి అంటారు. లాయర్లు రౌజీ కేసు అంటారు. రెండూ నిజమే. తప్పు పట్టిన తీర్పూ ఆయనదే, దానికి తలవంచి దిగిన మెట్టూ ఆయనదే. తీర్పులు వచ్చిన నాయకులు తర్వాత చాలామందే ఉన్నారు. అడక్కుండా దిగినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.